‘14,000 రెట్లు’ అంటే దేనికి రెట్లు? మసక పొరుగు వుల్ఫ్ 359 మంటల లెక్క

“మన పక్కనున్న నక్షత్రం ఒక్కసారిగా 14,000 రెట్లు వెలిగింది.” ఇలాంటి మాట ఫోన్లలో తిరిగినప్పుడల్లా మూడు అనుమానాలు వెంట వస్తాయి. నక్షత్రం పేలిపోయిందా? అంత వెలిగితే మన కంటికి ఎందుకు ఆనలేదు? ఆ వేడి ఇక్కడిదాకా వస్తుందా?

ఆ అంకె అబద్ధం కాదు. 1 మే 2019న ప్రాక్సిమా సెంటారీ అనే నక్షత్రం మీద లేచిన మంటను హబుల్ టెలిస్కోపు అతినీలలోహిత కాంతిలో చూసింది. అప్పుడు నమోదైన పెరుగుదల అది. ఫలితాలు 2021లో వెలువడ్డాయి. అదే మంటను కంటికి కనిపించే కాంతిలో చూస్తున్న పరికరాలకు మాత్రం అది చాలా తక్కువ స్థాయిలో, కాస్త ఆలస్యంగా కనిపించింది. జరిగింది ఒక్కటే. ఒక పరికరం దాన్ని 14,000 రెట్లు అంది, పక్క పరికరం కొద్దిపాటి పెరుగుదల అంది. రెండూ నిజమే.

అందుకని ‘ఎన్ని రెట్లు’ అని వినగానే అడగాల్సినవి మూడున్నాయి. ఏ రంగులో? ఎంతసేపు? దేంతో పోలిస్తే? ఈ మూడూ తేలితే మంటల నక్షత్రాల గురించిన గందరగోళం చాలావరకు విడిపోతుంది.

ప్రాక్సిమా మన వరంగల్ ఆకాశంలో దక్షిణాన 9 డిగ్రీలకు మించి లేవదు. చెట్లూ ఇళ్లూ అడ్డొచ్చే ఎత్తు. కాబట్టి మన నడినెత్తికి దగ్గరగా వచ్చే ఇంకో పొరుగును పట్టుకుందాం. పేరు వుల్ఫ్ 359. సింహరాశిలో, మఖకూ పుబ్బకూ మధ్య, కాస్త దక్షిణంగా ఉంటుంది.

ఎర్రగా ఉన్నవన్నీ ఒకటి కావు

ఆరుద్ర, జ్యేష్ఠ నక్షత్రాలు ఎర్రగా కనిపిస్తాయి. అవి మహాకాయాలు, ముసలితనంలో ఉబ్బిపోయిన నక్షత్రాలు. ఏదో ఒకనాడు సూపర్‌నోవాగా పేలేవి అవి. వుల్ఫ్ 359 కూడా ఎర్రదే గాని జాతి వేరు. దాన్ని ఎర్ర మరుగుజ్జు అంటారు. పుట్టుకతోనే చిన్నది, చల్లనిది. సూర్యుడి బరువులో సుమారు 11 శాతం, వ్యాసంలో సుమారు 14 శాతం. వ్యాసార్ధం లక్ష కిలోమీటర్ల పరిధిలో ఉంటుంది. గురుగ్రహం వ్యాసార్ధం 70,000 కిలోమీటర్లు కదా, అంటే ఈ నక్షత్రం గురుడి కంటే వ్యాసార్ధంలో ఒకటిన్నర రెట్లు కూడా లేదు. బరువు మాత్రం గురుడికి 115 రెట్లు.

ఇంత బరువు ఇంత చిన్న ముద్దలో ఇమిడింది కాబట్టి సగటు సాంద్రత సూర్యుడికి దాదాపు 40 రెట్లు. సీసం కంటే 5 రెట్లు చిక్కన. ఉపరితలం వేడి సుమారు 2,800 కెల్విన్లు. సూర్యుడిది దాదాపు 5,800.

ఇలాంటి నక్షత్రం తొందరగా చచ్చిపోదు, పేలదు. దాని లోపలి పదార్థం అడుగు నుంచి పైదాకా ఎసట్లో మరిగే నీళ్లలా తిరగబడుతూ ఉంటుంది. అందువల్ల ఉన్న హైడ్రోజన్ అంతా మెల్లమెల్లగా కొలిమిలోకి చేరుతుంది. సూర్యుడిలో అలా కాదు, నడిమధ్య ఉన్న ఇంధనమే ప్రధానంగా ఖర్చవుతుంది. సూర్యుడి ఆయుష్షు మొత్తం సుమారు వెయ్యి కోట్ల ఏళ్లయితే, ఇలాంటి మరుగుజ్జుల ఆయుష్షు లక్షల కోట్ల ఏళ్లు. మంట లేచిందంటే నక్షత్రం పోయిందని కాదు. వంట నూనెలో చుక్క నీళ్లు పడితే చిటపటలాడినట్టు పైపైన జరిగే సంగతి అది.

తిరుపతిలో ఆవగింజ

జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో మాక్స్ వోల్ఫ్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఏళ్ల తేడాతో తీసిన ఫొటో పలకలను పోల్చి చూసేవారు. మిగతా చుక్కలు కదలకుండా ఉంటే, ఏదైనా ఒకటి జరిగితే అది మనకు దగ్గరిదై ఉండాలని తర్కం. 1919లో అచ్చయిన ఆయన పట్టికలో 359వది ఈ నక్షత్రం. పేరు అలా వచ్చింది. తర్వాత వెలుగు మారే నక్షత్రాల జాబితాలో దీనికి సీఎన్ లియోనిస్ అని ఇంకో పేరు పెట్టారు.

దూరం ఎలా కొలిచారు? బొటనవేలు ముక్కు ముందు పెట్టుకుని ఒక్కో కన్ను మూసి చూస్తే వేలు వెనకనున్న గోడ మీద అటూ ఇటూ జరిగినట్టు ఉంటుంది. భూమి సూర్యుడికి ఈ పక్కన ఉన్నప్పుడొకసారి, ఆరు నెలలకు ఆ పక్కకు వెళ్లాక ఒకసారి నక్షత్రాన్ని చూస్తే అదే జరుగుతుంది. ఆ జరుగుబాటులో సగాన్ని పారలాక్స్ అంటారు. వుల్ఫ్ 359కి అది 0.415 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను). 1ని 0.415తో భాగిస్తే 2.41 పార్సెక్కులు. ఒక పార్సెక్కు 3.26 కాంతి సంవత్సరాలు కనుక దూరం 7.86 కాంతి సంవత్సరాలు, సుమారు 74 లక్షల కోట్ల కిలోమీటర్లు.

ఈ అంకె మనసుకు పట్టదు. కొలతను కుదిద్దాం. హనుమకొండ వేయిస్తంభాల గుడి మెట్ల మీద ఒక శనగగింజ పెట్టండి. అది సూర్యుడు. దానికి ఒక్క మీటరు దూరంలో కంటికి ఆనీ ఆనని నలుసు భూమి. ఇదే కొలతలో వుల్ఫ్ 359 దాదాపు 497 కిలోమీటర్ల అవతల, తిన్నగా గీత గీస్తే తిరుపతి దాటాక ఉంటుంది. సైజు ఒక ఆవగింజ. ‘పక్కనే’ అనే మాటకు నక్షత్రాల లెక్కలో అర్థం ఇదీ.

ఇంత దూరమైనా ఇంతకంటే దగ్గరివి చాలా కొద్ది. ఆల్ఫా సెంటారీ కుటుంబం (ప్రాక్సిమా ఇందులోదే), బార్నార్డ్ నక్షత్రం మాత్రమే ముందున్నాయి. నక్షత్రంగా వెలగలేకపోయిన గోధుమ మరుగుజ్జులను కూడా కలిపితే ఇంకో రెండు వ్యవస్థలు ముందుకు వస్తాయి. అందుకే కొన్నిచోట్ల దీన్ని మూడోదని, కొన్నిచోట్ల ఐదోదని రాస్తారు.

దగ్గరున్నా కనబడదెందుకు

నక్షత్రాల వెలుగును మాగ్నిట్యూడ్‌లలో చెబుతారు. అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. 5 మెట్లు దిగితే వెలుగు 100 రెట్లు తగ్గినట్టు, ఒక మెట్టుకు సుమారు రెండున్నర రెట్లు. బాగా చీకటి ఉన్నచోట మామూలు కంటికి ఆనే చివరి మెట్టు 6. వుల్ఫ్ 359 ఉన్నది 13.5 దగ్గర. తేడా 7.5 మెట్లు, అంటే 1,000 రెట్లు. కంటికి కనబడాలంటే ఇది 1,000 రెట్లు వెలగాలి.

సూర్యుణ్ణే తీసుకెళ్లి అక్కడ పెడితే? లెక్క ప్రకారం మాగ్నిట్యూడ్ 1.7 వస్తుంది. మఖ నక్షత్రం 1.4, ఉత్తర 2.1 కనుక ఆ రెండింటి నడుమ హాయిగా కనబడేది. అదే చోట వుల్ఫ్ 359 సూర్యుడి కంటే 50,000 రెట్లు మసక.

ఇక్కడే ‘ఏ రంగులో’ అనే ప్రశ్న మొదటిసారి ఎదురవుతుంది. 50,000 అనేది కంటి కాంతిలో తేడా. అన్ని కిరణాలనూ కలిపి కొలిస్తే తేడా సుమారు 900 రెట్లే. 2,800 కెల్విన్ల వేడి వస్తువు ఎక్కువ శక్తిని కంటికి కనబడని పరారుణంలో, ఒక మైక్రాన్ తరంగదైర్ఘ్యం చుట్టూ వదులుతుంది. పొయ్యి ఆర్పాక మిగిలిన నిప్పులు వెలుగు ఇవ్వకపోయినా చెయ్యి పెడితే కాలినట్టు. పరారుణంలో చూసే పరికరానికి ఇదే నక్షత్రం దాదాపు 6వ మాగ్నిట్యూడ్ దగ్గర కనిపిస్తుంది.

మంట ఎలా లేస్తుంది

శాస్త్రంలో దీన్ని ఫ్లేర్ అంటారు. సూర్యుడి మీద లేస్తే సౌరజ్వాల. ఇంధనం మండడం కాదది, అయస్కాంత శక్తి ఒక్కసారిగా విడుదల కావడం.

నక్షత్రం లోపల మరిగే పదార్థంలో విద్యుదావేశం ఉంటుంది. నక్షత్రం తన చుట్టూ తాను తిరుగుతుంది కూడా. వుల్ఫ్ 359కి ఒక చుట్టు సుమారు 2.7 రోజులు. సూర్యుడికి దాదాపు 25. ఈ తిరుగుడూ ఈ మరుగూ కలిసి అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. దాని బలరేఖలు ఉపరితలం మీదికి వంపు తిరిగి లేస్తాయి, వాటి మొదళ్లు మరిగే పదార్థంలో చిక్కుకుని అటూ ఇటూ లాగబడతాయి. నూలుకు వడి ఎక్కువైతే ఏమవుతుందో కొత్తవాడ మగ్గాల దగ్గర చూసినవాళ్లకు తెలుసు. దారం తన మీదికే మెలికపడి, ఒకచోట పుటుక్కున తెగుతుంది. బలరేఖలు తెగి వేరే విధంగా అతుక్కున్నప్పుడు వాటిలో దాగిన శక్తి బయటపడుతుంది. ఎలక్ట్రాన్లు కిందికి దూసుకొచ్చి ఉపరితలంలో ఒక చిన్న మచ్చను సుమారు 9,000 నుంచి 10,000 కెల్విన్ల దాకా కాలుస్తాయి. పైనున్న పలచటి వాయువు కోటి డిగ్రీలు దాటి ఎక్స్ కిరణాలు చిమ్ముతుంది.

ఒక చిక్కు ఉంది. సూర్యుడిలో ఈ అయస్కాంత యంత్రం లోపలి స్థిరమైన పొరకూ బయటి మరిగే పొరకూ మధ్య సరిహద్దులో నడుస్తుందని చాలాకాలంగా చెబుతూ వచ్చారు. సూర్యుడి బరువులో మూడో వంతు కంటే తేలికైన నక్షత్రాల్లో ఆ సరిహద్దే లేదు, అంతా మరిగేదే. మరి అక్కడ క్షేత్రం బలహీనంగా ఉండాలి కదా? కొలిచి చూస్తే వుల్ఫ్ 359 ఉపరితలమంతటి సగటే 2,000 గాస్‌లకు (అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం) పైన తేలింది. సూర్యుడి మీద అంత బలం మచ్చల్లోనే ఉంటుంది. ఆ సరిహద్దు అవసరమే లేదని కొందరు, సూర్యుడిలో ఒక పద్ధతి మరుగుజ్జుల్లో ఇంకో పద్ధతి పనిచేస్తాయని కొందరు అంటారు. వేగంగా తిరిగేవాటి మీద మంటలు ఎక్కువన్న విషయంలో మాత్రం ఎవరికీ పేచీ లేదు.

అదే అగ్గిపుల్ల, రెండు ఇళ్లు

‘దేంతో పోలిస్తే’ అన్న ప్రశ్నకు ఒక లెక్క వేద్దాం. ఒక పెద్ద సౌరజ్వాల శక్తి 1 పక్కన 25 సున్నాల జౌల్స్ అనుకుందాం. సూర్యుడు సెకనుకు వెదజల్లేది దానికి 38 రెట్లు. అంటే మొత్తం మంట సూర్యుడికి సెకనులో 38వ వంతు సంపాదన. వుల్ఫ్ 359 సంపాదన 900 రెట్లు తక్కువ కనుక అదే మంట దానికి సుమారు 25 సెకన్ల సంపాదన. మంట 5 నిమిషాలు సాగితే సగటున సూర్యుడి వెలుగు పెరిగేది పది వేలలో ఒక వంతు కూడా కాదు. వుల్ఫ్ 359 వెలుగు పెరిగేది 8 శాతం. పట్టపగలు వాకిట్లో గీసిన అగ్గిపుల్ల ఎవరికీ కనబడదు. కరెంటు పోయిన ఇంట్లో అదే పుల్ల గదంతా చూపిస్తుంది.

ఇది ఊహ కాదు. 28 అక్టోబర్ 2003 నాటి సౌరజ్వాల చాలా పెద్దవాటిలో ఒకటి. ఉపగ్రహం కొలిచిన సూర్యుడి మొత్తం వెలుగు అప్పుడు పెరిగింది పది వేలలో మూడు వంతుల లోపే.

ఒకే మంట, మూడు రంగులు

ఇప్పుడు అసలు విషయం. నక్షత్రం ముఖాన్ని 1,000 సమాన గళ్లుగా గీశామనుకుందాం. అందులో ఒక్క గడి 9,000 కెల్విన్లకు కాలింది, మిగతా 999 గళ్లు 2,800 దగ్గరే ఉన్నాయి. వేడి వస్తువు ఏ రంగులో ఎంత వెలుగిస్తుందో చెప్పే ప్లాంక్ సూత్రంలో ఈ అంకెలు వేస్తే ఇలా వస్తుంది.

నీలం కాంతిలో (440 నానోమీటర్లు) ఆ ఒక్క గడి దాదాపు 3,200 గళ్ల వెలుగిస్తుంది. మొత్తం 1,000 కాస్తా 4,200 అయింది. నక్షత్రం 4.2 రెట్లు, అంటే సుమారు 1.6 మాగ్నిట్యూడ్లు పెరిగింది.

ఆకుపచ్చ పసుపుల మధ్య, కన్ను బాగా పట్టే చోట (550 నానోమీటర్లు) అదే గడి 660 గళ్లకు సమానం. పెరుగుదల 1.66 రెట్లు, అర మాగ్నిట్యూడ్ పైచిలుకు.

పరారుణం అంచున (800 నానోమీటర్లు) 96 గళ్లకే సమానం. నక్షత్రం 10 శాతం పెరిగింది, మాగ్నిట్యూడ్‌లో పదో వంతు.

మంట ఒకటే, మచ్చ ఒకటే, క్షణమూ ఒకటే. నీలంలో చూసినవాళ్లు ‘నాలుగు రెట్లు’ అని రాస్తారు, పరారుణంలో చూసినవాళ్లు ‘పది శాతం’ అని రాస్తారు. అసలు నక్షత్రాలు ఈ సూత్రాన్ని తుచ తప్పకుండా పాటించవు, కాబట్టి పై అంకెలను నమూనాగానే తీసుకోవాలి. దిశ మాత్రం ఖాయం. నీలం వైపు వెళ్లేకొద్దీ మంట పెద్దది, ఎరుపు వైపు వెళ్లేకొద్దీ చిన్నది.

ఇంకా అవతలికి, దూరపు అతినీలలోహితానికి వెళ్తే 2,800 కెల్విన్ల ఉపరితలం అక్కడ ఇచ్చేది సున్నాకు దగ్గర. ఉన్న కాస్త వెలుగూ పై పొరల నుంచి వచ్చేదే. భాగహారంలో కింది అంకె అంత చిన్నదైనప్పుడు పై అంకె కొంచెం పెరిగినా రెట్లు వేలల్లోకి పోతాయి. ప్రాక్సిమా 14,000 రెట్ల రహస్యం ఇదే. అదీ కొన్ని సెకన్ల పాటు నిలిచిన శిఖరం.

సెకన్లు మింగేసే సగటు

‘ఎంతసేపు’ అన్నదానికి కూడా అంతే బరువుంది. ఈ జాతి నక్షత్రాలకు నమూనాగా చెప్పే యూవీ సెటీ 1952లో 20 సెకన్లలో 75 రెట్లు పెరిగింది. మంట ఎక్కడం నిటారుగా, దిగడం వాలుగా ఉంటుంది. ఎక్కడానికి సెకన్లు, దిగడానికి నిమిషాలు, పెద్దవైతే గంటలు. మఖలో పుట్టి పుబ్బలో మాడినట్టు అని మన సామెత. మఖకూ పుబ్బకూ మధ్యనే కూర్చున్న ఈ నక్షత్రం మంటలకు ఇంతకంటే సరిపోయే మాట నాకు తోచలేదు.

కెమెరా రెక్కను 5 నిమిషాలు తెరిచి ఉంచారనుకుందాం. అందులో 30 సెకన్లు నక్షత్రం 3 రెట్లు వెలిగింది, మిగతా 270 సెకన్లు మామూలుగా ఉంది. కెమెరాకు అందింది 30 సార్లు 3, 270 సార్లు 1, మొత్తం 360. మామూలుగా 300 అందాలి. పెరుగుదల 1.2 రెట్లు, 0.2 మాగ్నిట్యూడ్. అసలు శిఖరం 1.2 మాగ్నిట్యూడ్. ఎక్కువసేపు తెరిచి ఉంచితే కొండ కాస్తా గుట్ట అవుతుంది.

అలాగని మరీ తక్కువసేపు తెరిస్తే మసక నక్షత్రం నుంచి చాలినంత కాంతి పడదు. నీలం ఫిల్టరు పెడితే మంట బాగా తేలుతుంది గాని నీలంలో ఈ నక్షత్రం 15.5వ మాగ్నిట్యూడ్, ఇంకా 2 మెట్లు మసక. ఎరుపులో నక్షత్రం సులువుగా దొరుకుతుంది, మంట దొరకదు. ఔత్సాహికులు ఎక్కువగా మధ్యేమార్గం పడతారు. ఆకుపచ్చ ప్రాంతపు ఫిల్టరు వేసి, 20 నుంచి 30 సెకన్ల ఫ్రేములను గంటల తరబడి ఆపకుండా తీస్తారు.

నిజం మంటా, దొంగ మంటా

ఫ్రేముల్లో వెలుగు పెరిగినంత మాత్రాన మంట కాదు. ఒక ఊహా వరుస చూద్దాం. 30 సెకన్లకొకటి చొప్పున వుల్ఫ్ 359 మాగ్నిట్యూడ్లు: 13.50, 13.49, 13.51, 12.62, 12.78, 12.95, 13.08, 13.17. అదే ఫొటోలో పక్కనున్న పోలిక నక్షత్రం మొదటి నుంచి చివరిదాకా 12.10 దగ్గర నిలకడగా ఉంది. నాలుగో ఫ్రేములో 0.88 మెట్లు, అంటే 2.2 రెట్లు పెరిగి, తర్వాత మెల్లగా దిగింది. ఇది మంట నడక.

నాలుగో ఫ్రేములో 12.62 వచ్చి ఐదోదానిలోనే 13.50కి పడిపోతే అనుమానించాలి. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కణం కెమెరా చిప్పును తాకితే సరిగ్గా అలాగే ఒక్క ఫ్రేములో మెరుపు వస్తుంది. ఉపగ్రహమో విమానమో అయితే ఫొటోలో గీత పడుతుంది. రెండు నక్షత్రాలూ కలిసి మసకబారి, కలిసి తేరుకుంటే అది పలచని మబ్బు.

అన్నిటికంటే మోసపుచ్చేది నెమ్మదిగా వచ్చే పెరుగుదల. నక్షత్రం పడమటికి వాలేకొద్దీ దాని కాంతి ఎక్కువ గాలి పొర గుండా రావాలి. గాలి నీలాన్ని ఎక్కువ చెదరగొడుతుంది, ఎరుపును తక్కువ. మన నక్షత్రం చాలా ఎర్రనిది, పోలిక నక్షత్రం అంత ఎర్రగా ఉండదు. కనుక వాలేకొద్దీ పోలిక నక్షత్రమే ఎక్కువ మసకబారి, దానితో పోల్చిన వుల్ఫ్ 359 మెల్లగా వెలుగుతున్నట్టు భ్రమ పుడుతుంది. ఇందుకే వీలైనంత ఎర్ర పోలిక నక్షత్రాన్ని ఎంచుకుంటారు, ఆకాశంలో ఎత్తుగా ఉన్న గంటలనే నమ్ముతారు.

మనదాకా వస్తుందా

రాదు. కాంతి తీవ్రత దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. వుల్ఫ్ 359 సూర్యుడి కంటే 4,97,000 రెట్లు దూరం. దాని వర్గం దాదాపు 25 వేల కోట్లు. సూర్యుడి మీద లేచే మంటే అక్కడ లేస్తే మనకు అందేది 25 వేల కోట్లలో ఒక వంతు. దానికంటే 1,000 రెట్లు పెద్దది లేచినా 25 కోట్లలో ఒక వంతు. మన కరెంటు లైన్లకూ ఉపగ్రహాలకూ జాగ్రత్త పడాల్సింది సొంత సూర్యుడి నుంచే.

దాని చుట్టూ గ్రహాలుంటే

అక్కడ కథ మారుతుంది, శాస్త్రవేత్తల మధ్య నిజమైన వాదం కూడా ఇక్కడే ఉంది.

నీళ్లు ద్రవంగా నిలవాలంటే గ్రహానికి భూమికి అందినంత వేడి అందాలి. వెలుగు 900 రెట్లు తక్కువ కనుక గ్రహం 30 రెట్లు దగ్గరగా, అంటే సుమారు 50 లక్షల కిలోమీటర్లలో తిరగాలి. అక్కడ ఒక ‘ఏడాది’ వారం కంటే తక్కువ, దాదాపు 6.7 రోజులు. అంత దగ్గరలో ఒక మంట నుంచి పడే ఎక్స్ కిరణాలూ అతినీలలోహితమూ అంతే మంట సూర్యుడి మీద లేస్తే భూమి మీద పడేదానికి 900 రెట్లు. సూర్యుడి మీద అలాంటివి అరుదు. వేగంగా తిరిగే మరుగుజ్జుల మీద మంటలు మామూలు.

ఒక వాదం: ఇలాంటి దెబ్బలు కోట్ల ఏళ్లు పడితే గాలి పొర మిగలదు. ట్రాపిస్ట్-1 అనే ఎర్ర మరుగుజ్జు చుట్టూ ఏడు గ్రహాలున్నట్టు 2017లో ప్రకటించారు. వాటిలో లోపలి రెండింటినీ జేమ్స్ వెబ్ టెలిస్కోపు చూసినప్పుడు దట్టమైన గాలి పొర ఉన్న జాడ కనబడలేదని 2023 ఫలితాలు చెప్పాయి. ఈ వాదానికి అవి బలమిచ్చాయి.

ఎదుటి వాదం: ఆ రెండూ నక్షత్రానికి మరీ దగ్గరివి, వాటిని చూసి అన్నిటికీ తీర్పు చెప్పకూడదు. పైగా మంటలు ఎక్కడ లేస్తాయన్నదీ ముఖ్యం. గ్రహాలను వెదికే నాసా ఉపగ్రహం టెస్ సమాచారంతో 2021లో వచ్చిన ఒక అధ్యయనం, వేగంగా తిరిగే నాలుగు నక్షత్రాల మీద పెద్ద మంటలు 55 డిగ్రీలకు పైబడిన అక్షాంశాల్లో, అంటే ధ్రువాల వైపు లేచాయని తేల్చింది. గ్రహాలు సాధారణంగా నక్షత్రం నడుము ఎదురుగా తిరుగుతాయి. మంటతో పాటు వెళ్లే కణాల ప్రవాహం పైకి పోతే గ్రహానికి తగిలే దెబ్బ తగ్గవచ్చు. నాలుగు నక్షత్రాలు తక్కువే అయినా ఈ ఆలోచన పట్టించుకోదగ్గది. అతినీలలోహితం జీవానికి కావలసిన తొలి రసాయనాలు కలవడానికి తోడ్పడవచ్చనే వాళ్లూ ఉన్నారు.

వుల్ఫ్ 359 సంగతే చెప్పాలంటే, 2019లో దానికి రెండు గ్రహాలున్నట్టు ప్రతిపాదన వచ్చింది. నక్షత్రం అటూ ఇటూ ఊగడాన్ని బట్టి చేసిన అంచనా అది. లోపలి ‘గ్రహం’ చుట్టు కాలం సుమారు 2.7 రోజులు. నక్షత్రం తిరిగే కాలమూ అదే. నక్షత్రం మీది మచ్చ తిరిగి తిరిగి ఎదురుగా వచ్చినప్పుడల్లా కాంతి రేఖల్లో పడే తేడా గ్రహం లాగినట్టే కనిపిస్తుంది. ఆ గ్రహం లేనట్టే అని తేలింది. 8 ఏళ్లకొక చుట్టు తిరుగుతుందన్న రెండోదానికి నిర్ధారణ రాలేదు. మంటలు పుట్టించే అయస్కాంతమే గ్రహాల వేటలోనూ దొంగ జాడలు పుట్టిస్తుంది.

వరంగల్ ఆకాశంలో చోటు

వరంగల్ అక్షాంశం 18 డిగ్రీలు, నక్షత్రం ఖగోళ మధ్యరేఖకు 7 డిగ్రీలు ఉత్తరాన. తేడా 11. కాబట్టి అది నడిమింటికి వచ్చినప్పుడు క్షితిజం నుంచి 79 డిగ్రీల ఎత్తులో, దాదాపు నెత్తిమీద ఉంటుంది. మార్చి మొదటి వారంలో అర్ధరాత్రి దాటిన పది నిమిషాలకు, ఏప్రిల్ మూడో వారంలో రాత్రి 9 దాటాక అక్కడికి చేరుతుంది. పుబ్బ కార్తె నడిచే సెప్టెంబర్ మొదటి వారంలో సూర్యుడు దాని పక్కనుంచే పోతాడు కనుక అప్పుడు కనబడదు. ఆ రోజుల్లో ఎలాగూ మబ్బులే.

మాఘ పున్నమికి చంద్రుడు మఖ చుట్టుపక్కల ఉంటాడు, నెలకు పేరే అలా వచ్చింది. మేడారం జాతర జరిగే ఆ వెన్నెల రోజుల్లో ములుగు అడవుల్లో ఎంత చీకటి ఉన్నా ఈ నక్షత్రాన్ని పట్టడం కష్టం. అమావాస్యకు ఇటూ అటూ వారం రోజులు అనువు.

200 మిల్లీమీటర్ల అద్దమున్న టెలిస్కోపుకు మంచి చీకట్లో కంటితో అందే హద్దు సుమారు 13.5, అంటే సరిగ్గా అంచు. హనుమకొండ, కాజీపేట, వరంగల్ దీపాల మధ్య ఆ హద్దు ఇంకా తక్కువ అంకె దగ్గరే ఆగిపోతుంది, నక్షత్రం దొరకదు. లక్నవరం, పాకాల వైపు చీకటి మేలు. 250 మిల్లీమీటర్ల అద్దమైతే కాస్త వెసులుబాటు. నక్షత్రాన్ని వెంబడించే స్టాండు మీద కెమెరా బిగిస్తే చిన్న లెన్సుకు కూడా అందుతుంది. గుర్తుకు చై లియోనిస్ అనే 4.6వ మాగ్నిట్యూడ్ చుక్క నుంచి పడమటికి 2 డిగ్రీలు, నాలుగు నిండు చందమామల వెడల్పు. 56 లియోనిస్ అనే చుక్క నుంచి ఉత్తరానికి డిగ్రీ కంటే కొంచెం తక్కువ.

పాత పటాలతో వెదికేవాళ్లు ఇక్కడ తప్పిపోతారు. ఈ నక్షత్రం ఏడాదికి 4.7 ఆర్క్ సెకన్లు నైరుతికి జరుగుతుంది. 2000 సంవత్సరపు స్థానం పట్టుకుని 2025లో చూస్తే అది 2 ఆర్క్ నిమిషాలు, అంటే డిగ్రీలో ముప్పయ్యో వంతు, పక్కకు పోయి ఉంటుంది. టెలిస్కోపులో ఆ మేర తేడాకు వేరే చుక్కను చూసి ఇదే అనుకోవడం సులువు.

ఇంకో విశేషం. సూర్యుడు నడిచే బాటకు ఇది 0.2 డిగ్రీల దూరంలోనే ఉంది. కనుక అక్కడి నుంచి మనవైపు చూస్తే భూమి ఏడాదికొకసారి సూర్యబింబం మీదుగా దాటుతుంది. ఇది జరిగేది మార్చి మొదటి వారంలో, వుల్ఫ్ 359 అర్ధరాత్రి మన నెత్తిమీదున్నప్పుడు. కొన్ని గంటల పాటు సూర్యుడి వెలుగు సుమారు 12,000లో ఒక వంతు తగ్గుతుంది. ఇక్కడ బయల్దేరిన ఆ మసక అక్కడికి చేరేది 7 ఏళ్ల 10 నెలల తర్వాత.